హిరోషిమా దేవాలయం: వాడుకలో ఉన్న జ్ఞాపకం



యుద్ధంలో చనిపోయిన సామాన్యుల పేరిట ఏం కట్టాలన్న ప్రశ్నకు ఇరవయ్యో శతాబ్దం రకరకాలుగా జవాబు చెప్పింది. ఆ జవాబుల్లో చాలావరకు హిరోషిమాలో ఒకే ఊళ్ళో కనిపిస్తాయి. అణుబాంబుకు అస్థిపంజరంలా మిగిలిన గుమ్మటం ఒకటి. నది పాయల మధ్య విశాలంగా పరుచుకున్న శాంతివనం, అందులో కెంజో టాంగే కట్టిన మ్యూజియం, సమాధి చిహ్నం మరొకటి. ఈ రెండూ లోకమంతా ఎరిగినవే. మూడోది నొబోరిచో అనే పేటలో ఉంది. బాంబు పేలిన చోటికి సుమారు కిలోమీటరున్నర లోపే ఉన్న ఆ కట్టడం పేరు ప్రపంచ శాంతి స్మారక దేవాలయం. హిరోషిమా క్యాథలిక్ మేత్రాసనానికి అదే కథెడ్రల్. టోగో మురానో అనే వాస్తుశిల్పి గీసిన ఆ దేవాలయం 1954 ఆగస్టు 6న పూర్తయింది. పర్యాటకుల్లో చాలామంది దాని జోలికి వెళ్ళరు. ఈ రోజు నేను వాదించదలచుకున్నది ఆ మూడో జవాబు తరఫున. చనిపోయినవారి జ్ఞాపకాన్ని చూడటానికి మాత్రమే కాక వాడుకోవడానికి కూడా కట్టినప్పుడు, బతికినవాళ్ళు పెళ్ళికీ, పసిబిడ్డ జ్ఞానస్నానానికీ, మామూలు ఆదివారపు పూజకీ అక్కడికే వచ్చేలా కట్టినప్పుడు, ఆ జ్ఞాపకానికి మరే విధంగానూ దొరకని ఆయుష్షు దొరుకుతుందని నా అభిప్రాయం. దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. వాటిని దాటవేయకుండా ఎదుర్కోవాలనే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు దీని పుట్టుక చెప్పాలి. 1945 ఆగస్టు 6 ఉదయం ఎనిమిదింపావుకు బాంబు పడ్డప్పుడు నొబోరిచో విచారణ (పారిష్) గృహంలో నలుగురు జర్మన్ యేసుసభ గురువులున్నారు. వారిలో పెద్ద హ్యూగో లసాల్. 1929లో జపాన్ వచ్చి, అక్కడి యేసుసభ మిషన్‌కు అధిపతి అయినవాడు. గాజుపెంకులు గుచ్చుకుని గాయపడ్డాడు, బతికాడు. నలుగురినీ నగరం బయట నాగాత్సుకలోని శిక్షణాలయానికి చేర్చారు. వైద్యం చదివి గురువైన పెద్రో అర్రూపే అక్కడ గాయపడ్డవారికి తన చేతనైన చికిత్స చేస్తున్నాడు. తర్వాతి కాలంలో యేసుసభకు ప్రపంచాధిపతి అయింది ఆ అర్రూపేనే. ఆ ఏడాది చివరికి నగరంలో చనిపోయినవారు లక్షా నలభై వేలకు అటూ ఇటూగా ఉంటారని అంచనా. కాలిపోయిన తన పాత గుడి స్థానంలో మృతులందరి పేరా ఒక దేవాలయం కట్టాలని లసాల్ పూనుకున్నాడు. 1946లో రోమ్ వెళ్ళి పోపు పన్నెండవ పయస్ ఆశీస్సులు పొంది, దేశదేశాలు తిరిగి చందాలు పోగుచేశాడు. 1948లో జపాన్ పౌరసత్వం తీసుకుని ఎనోమియా మకిబి అయ్యాడు. ఈయనే జెన్ ధ్యానాన్ని శ్రద్ధగా సాధన చేసి, దాని మీద పుస్తకాలు రాసి, క్రైస్తవ ప్రపంచానికి పరిచయం చేసినవాడు కూడా. ఆ సంగతి ముందు ముందు మన వాదానికి అవసరమవుతుంది.

1948లో దేవాలయ నమూనా కోసం బహిరంగ పోటీ పెట్టారు. యుద్ధానంతర జపాన్‌లో జరిగిన తొలి పెద్ద వాస్తు పోటీల్లో అది ఒకటి. 177 నమూనాలు వచ్చాయి. పోటీ షరతులు చదివితే నిర్వాహకులు ఎంత కష్టమైన కోరిక కోరారో తెలుస్తుంది. కట్టడం ఆధునికంగా ఉండాలి, జపాన్ స్వభావం కనబడాలి, భక్తిభావం కలిగించాలి, స్మారకానికి తగిన గాంభీర్యం ఉండాలి. నాలుగూ ఒకే గోడలో ఇమడాలి. న్యాయనిర్ణేతలు మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. రెండో బహుమతి పొందినవారిలో టాంగే ఉన్నాడు. మూడో బహుమతి వాళ్ళలో కునియో మాయెకావా ఉన్నాడు. టాంగే గీసింది పారబోలా వంపు తిరిగిన కాంక్రీటు పెంకు. బ్రెజిల్‌లో ఓస్కార్ నీమేయర్ పంపుల్యాలో కట్టిన చర్చిని గుర్తుకు తెచ్చే రూపం. చివరికి న్యాయనిర్ణేతల్లో ఒకడైన మురానోకే పని అప్పగించారు. తీర్పు చెప్పినవాడే పని తీసుకోవడమేమిటని అప్పట్లో గట్టి విమర్శ వచ్చింది, ఆ విమర్శలో న్యాయముంది. మురానో పారితోషికం పుచ్చుకోలేదన్నది నిజమే గానీ, దానివల్ల ప్రక్రియలోని లోపం మాసిపోదు. అయినా కట్టడం మంచిచెడ్డలు కట్టడాన్ని చూసే తేల్చాలి. టాంగే నమూనా గొప్ప ఆకారం. దూరం నుంచి ఒక్క చూపుకే అర్థమైపోతుంది. మురానో కట్టినది అలా ఒక్క చూపుకు లొంగదు. దగ్గరికి పోవాలి, లోపలికి నడవాలి, కూర్చోవాలి. విచారణ ప్రజలు వారం వారం వచ్చే చోటికి ఈ రెండో గుణమే కావాలి.

మురానోకు ఈ ఆలోచన కొత్త కాదు. 1937లోనే ఉబే నగరంలో వతనబే అనే పారిశ్రామికవేత్త స్మృత్యర్థం ఆయన కట్టినది విగ్రహమో మండపమో కాదు, ఊరంతా వాడుకునే సభాభవనం. డిపార్ట్‌మెంట్ స్టోర్లు, ఆఫీసులు, థియేటర్లు కట్టి, మనుషుల చేతులు ఎక్కడ తాకుతాయో, కళ్ళు ఎక్కడ ఆగుతాయో తెలిసినవాడు. హిరోషిమాలో ఆయన ఎంచుకున్న రూపం పాత బసిలికా పద్ధతే: పొడవైన మధ్యశాల, రెండు పక్కలా చిన్న శాలలు, చివర బలిపీఠం. ముందు పక్కగా సుమారు 45 మీటర్ల గంటస్తంభం. అయితే ఆ పాత రూపాన్ని కట్టిన తీరు పూర్తిగా ఇరవయ్యో శతాబ్దానిది. కాంక్రీటు స్తంభాలూ దూలాలూ బయటికే కనబడతాయి, వాటికి పూత లేదు. వాటి మధ్య గళ్ళలో బూడిద రంగు ఇటుకలు పేర్చారు. ఆ ఇటుకలు కొలిమిలో కాల్చినవి కావు. హిరోషిమా నదుల ఇసుకను సిమెంటుతో కలిపి, కట్టే చోటనే అచ్చుపోసినవి. వాటిని నున్నగా పేర్చలేదు. అక్కడక్కడ ఒక ఇటుక బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇటుకల మధ్య గార దట్టంగా, గరుకుగా అలాగే వదిలేశారు. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ పొడుచుకొచ్చిన ఇటుకల నీడలు గోడంతా పరుచుకుంటాయి.

ఈ గరుకుతనాన్ని పేదరికం అని కొట్టిపారేయవచ్చు. నిజంగానే డబ్బు కొరత ఉంది. 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలై సరుకుల ధరలు ఎగిశాయి. ఆ ఆగస్టు 6న శంకుస్థాపన జరిగింది. నాలుగేళ్ళ పాటు పని నడుస్తూ ఆగుతూ సాగింది. కానీ కొరతను లోపంగా దాచకుండా స్వభావంగా మలచడం శిల్పి నిర్ణయం. నున్నటి చలువరాయి తొడిగి ఉంటే ఆ గోడ మృత్యువును అందంగా అలంకరించినట్టయ్యేది. విరిగిన గోడలా నటింపజేసి ఉంటే నిజంగా విరిగిన గుమ్మటం అదే ఊళ్ళో ఉండగా అది అబద్ధమయ్యేది. మురానో ఈ రెండూ చేయలేదు. ఆ ఊరి నదుల్లోకే వేలమంది ఒళ్ళు కాలి దాహంతో దిగి ప్రాణాలు విడిచారు. ఆ నదుల ఇసుకతోనే గోడ లేచింది. ఈ విషయం గోడ తానుగా చెప్పదు. తెలిసినవారికి తెలుస్తుంది, తెలియనివారు ఆ గోడకు చేరగిలబడి వాన తగ్గేదాకా నిలబడతారు. రెండూ సరైన వాడకాలే. బలిపీఠం మీది గుమ్మటం పూరేకుల వంపుతో ఉంటుంది, దాని శిఖరాన ఫీనిక్స్ పక్షి. పైకిటికీల్లో జపాన్ వాళ్ళు శుభసూచకంగా భావించే పైన్, వెదురు, ప్లమ్ పూల ఆకృతులు. యూరప్ బసిలికాకు ఈ ఆకృతులు పరాయివి. పక్కింటి బౌద్ధుడికి సుపరిచితాలు.

లోపలి వస్తువుల చరిత్ర మరింత చెబుతుంది. ముందుద్వారాల తలుపులు డ్యూసెల్‌డార్ఫ్ నగరం ఇచ్చినవి. ఆర్గన్ కొలోన్ నుంచి వచ్చింది. బలిపీఠం బెల్జియం నుంచి. నాలుగు గంటలు జర్మనీలోని బోఖుమ్ ఉక్కు కర్మాగారంలో పోతపోసినవి. బలిపీఠం వెనుక క్రీస్తు మొజాయిక్ చిత్రం జర్మన్ ఛాన్సలర్ కొన్రాడ్ అడెనవర్ కానుక. ఈ పట్టికను దాతల జాబితాగా చదివి వదిలేస్తే అసలు సంగతి జారిపోతుంది. కొలోన్ నగరం మీద 1942 మే 30 రాత్రి వెయ్యి బ్రిటిష్ విమానాలు ఒక్కసారిగా బాంబులు కురిపించాయి. డ్యూసెల్‌డార్ఫ్, బోఖుమ్ కూడా అలాగే కాలాయి. బోఖుమ్ కర్మాగారం హిట్లర్ యుద్ధానికి ఆయుధాలు చేసిన చోటు. అంటే ఈ గంటలు ఏ పాపమూ ఎరుగని చేతులు ఇచ్చినవి కావు. దెబ్బ తిన్నవాళ్ళూ, దెబ్బ కొట్టినవాళ్ళూ అయిన మనుషులు, అలాంటి మరో జాతి మృతుల కోసం ఇచ్చినవి. ఇచ్చినవి కూడా చూడటానికి పెట్టే వస్తువులు కావు. తలుపు తెరవాలి, గంట మోగాలి, ఆర్గన్ వాయించాలి. కానుక ఇచ్చినవాడి పశ్చాత్తాపం ఆ పని జరిగినప్పుడల్లా కొనసాగుతుంది.

మన ఇళ్ళలో ఆబ్దికం పెట్టే పద్ధతి ఇక్కడ గుర్తొస్తుంది. పోయినవారి పటానికి దండ వేసి ఊరుకోము. ఆ రోజు పొయ్యి వెలిగించి, వారి పేర నలుగురికి అన్నం పెడతాము. ఆ అన్నం తినేవాడికి ఆకలి ఉంది, అందుకే తిథి తప్పదు. నొబోరిచో దేవాలయం నేలమాళిగలో ప్రార్థనామందిరం ఉంది, మృతుల జ్ఞాపకం అక్కడ భద్రంగా ఉంది. దాని మీది అంతస్తులో విచారణ జీవితం రోజూ నడుస్తుంది. ఏటా ఆగస్టు 5 సాయంత్రం శాంతివనం నుంచి ఈ దేవాలయం దాకా జనం నడిచి వచ్చి దివ్యబలిపూజలో పాల్గొంటారు. మర్నాడు ఉదయం బాంబు పడ్డ వేళకు మళ్ళీ పూజ. ఈ నడకకు వచ్చేవారు కేవలం వార్షికోత్సవ సందర్శకులు కారు. వారిలో కొందరు కిందటి ఆదివారం కూడా అక్కడే మోకరిల్లినవారు.

ఇక అభ్యంతరాలు. మొదటిది అందరికీ తోచేదే: బతికినవాళ్ళు రేకుల గుడిసెల్లో తలదాచుకుంటుంటే అంత పెద్ద గుడి ఎందుకు? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం ఉందని నేననను. అయితే ఆ డబ్బులో పెద్ద భాగం ప్రపంచం నలుమూలల నుంచి ఈ పనికోసమే వచ్చిన విరాళం. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన శాంతివనానికి ఈ ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది, అక్కడ గుడిసెలు తొలగించి మరీ చోటు చేశారు.

రెండో అభ్యంతరం బరువైనది. జపాన్ జనాభాలో క్యాథలిక్కులు అర శాతం కూడా లేరు. హిరోషిమా మృతుల్లో అత్యధికులు బౌద్ధులు, షింటో ఆచారాలు పాటించినవారు. వారి పేరిట ఒక పరాయి మతం గుడి కట్టడం, అది కూడా అమెరికా సేనలు దేశాన్ని ఆక్రమించి ఉన్న రోజుల్లో తలపెట్టడం, మృతులను కాజేయడం కాదా? కాజేసే ప్రమాదం ఉందనడానికి సాక్ష్యం అణుబాంబు పడ్డ రెండో నగరంలోనే ఉంది. నాగసాకిలో ఉరకామి క్యాథలిక్ పేట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి సుమారు పన్నెండు వేలమంది విశ్వాసుల్లో ఎనిమిదిన్నర వేలమంది చనిపోయారు. 1945 నవంబరులో శిథిలాల మధ్య జరిగిన స్మారకపూజలో డాక్టర్ తకాషి నాగాయ్, ఉరకామి ప్రజలు లోకపాపానికి ప్రాయశ్చిత్తంగా దేవుడికి అర్పితమైన నిర్దోష బలి అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. భార్యను పోగొట్టుకుని, తానే జబ్బుతో కుంగిపోతున్న మనిషి మాట అది. దాని వెనుక దుఃఖాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ వ్యాఖ్యానం బాంబు వేసిన నిర్ణయాన్నీ, యుద్ధం మొదలుపెట్టిన నిర్ణయాన్నీ మనుషుల చేతుల నుంచి తీసి దేవుడి చేతిలో పెడుతుంది. దాన్ని జపాన్ పండితులే తర్వాత తీవ్రంగా విమర్శించారు. 1981 ఫిబ్రవరిలో పోపు రెండవ జాన్ పాల్ హిరోషిమా వచ్చి, యుద్ధం మనిషి చేసిన పని అని తేల్చి చెప్పినప్పుడు ఎందరో బాధితులు గుండె బరువు దిగిందన్నారు. ఇప్పుడు మురానో కట్టడాన్ని ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. మృతులు ఎందుకు చనిపోయారో ఆ గోడలు వివరించవు. ఏ మతానికి చెందినవారో అడగవు. బౌద్ధుల వద్ద కూర్చుని ధ్యానం నేర్చుకున్న లసాల్ పూనికతో లేచిన గుడి అది, దాని నెత్తిన ఉన్నది ఫీనిక్స్. ఇది క్యాథలిక్ గుడేనన్న నిజాన్ని దాచనూ లేదు. ఏ మతమూ కాని తటస్థ స్థలమే అందరిదీ అని మనం అనుకుంటాం గానీ, బాధలో ఉన్న మనిషి ప్రార్థించేది ఏదో ఒక మతంలోనే. తన పద్ధతిలో తాను ప్రార్థిస్తూ ఇతరుల మృతులనూ అందులో చేర్చుకోవడం, వారిని తన మతంలో కలిపేసుకోనంతవరకు, కాజేయడం అనిపించుకోదు.

మూడో అభ్యంతరం తెలుగువాళ్ళుగా మనం తప్పక అడగవలసింది. హిరోషిమా కోసం ఏడ్చేటప్పుడు జపాన్ చేసిన యుద్ధం మరుగున పడటం లేదా? 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది జపాన్ నౌకాదళ విమానాలే. అదే ఏడాది జపాన్ సేనలు బర్మాలోకి చొచ్చుకొస్తుంటే, రంగం (రంగూన్) పోయి రేవుల్లో, మిల్లుల్లో కూలి చేసుకుంటున్న మన కోస్తా జిల్లాల వాళ్ళు కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు; దారిలో ఆకలికీ జ్వరాలకూ రాలిపోయినవారి పేర్లు ఏ రాయి మీదా లేవు. హిరోషిమాలోనే చనిపోయిన కొరియన్లకు 1970లో వేసిన స్మారకం శాంతివనం బయటే ఉండిపోయింది. లోపలికి తేవడానికి 1999 దాకా పట్టింది. ఈ లెక్కలన్నీ నిజం. స్మారకాలు తమవారినే లెక్కిస్తాయన్నది వాటి మీద సరైన ఆరోపణే. అయితే వాడుకలో ఉన్న స్మారకానికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది: దానిలోకి వచ్చే మనుషులు మారుతూ ఉంటారు. ఇవాళ జపాన్ క్యాథలిక్ విచారణల్లో ఫిలిప్పీన్స్, వియత్నాం, బ్రెజిల్‌ల నుంచి పనికోసం వచ్చినవారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1945 ఫిబ్రవరిలో మనీలా నగరంలో దాదాపు లక్షమంది పౌరులు చనిపోయారు, ఎందరో జపాన్ సైనికుల చేతుల్లోనే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన తల్లి తన బిడ్డకు హిరోషిమా కథెడ్రల్లో జ్ఞానస్నానం ఇప్పిస్తే, ఆ స్మారకం పరిధి ఏ కమిటీ తీర్మానమూ అక్కర్లేకుండానే పెరుగుతుంది. శిలాఫలకం మీద కొత్త పేర్లు చెక్కించడానికి ఏళ్ళ తరబడి పోరాడవలసి వస్తుందని కొరియన్ల అనుభవం చెబుతోంది. గుడి గడప దాటడానికి అంత పోరాటం అక్కర్లేదు.

అన్నిటికంటే కష్టమైన అభ్యంతరం మరొకటి, నా వాదాన్ని సరిగ్గా దాని బలం దగ్గరే తాకుతుంది. వాడుక జ్ఞాపకాన్ని నిలబెడుతుందంటున్నారు గానీ అరగదీస్తుంది కూడా కదా? ఉరకామి క్యాథలిక్ గుడి శిథిలాన్ని పదమూడేళ్ళు ఉంచి, 1958లో కూల్చేసి, మరుసటి ఏడాదికి కొత్త గుడి కట్టారు. కొన్ని గోడముక్కలు బాంబు పేలిన చోటికి తరలించారు. విచారణకు గుడి కావాలి, అదే నేల కావాలి. ఆ అవసరం ముందు లోకానికే సాక్ష్యంగా నిలవగలిగిన శిథిలం ఓడిపోయింది. ఇది పెద్ద నష్టమని నేను ఒప్పుకుంటాను. హిరోషిమా గుమ్మటాన్ని కూడా తీసేయాలన్నవారు ఉన్నారు. 1966లో నగరసభ కాపాడాలని తీర్మానించబట్టి మిగిలింది, 1996లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. కాబట్టి శిథిలానికి బదులు గుడి చాలునని నా వాదం ఎంతమాత్రం కాదు. గుమ్మటం చేయగలిగిన పని కథెడ్రల్ చేయలేదు: ఏం జరిగిందో చూపించడం దాని పని. కానీ చూపించడంతోనే స్మరణ తీరిపోదు. చూసినవాడు ఫొటో తీసుకుని రైలెక్కుతాడు. ఆ తర్వాత మిగిలిన 364 రోజులు ఎవరో ఒకరు ఆ మృతుల మీదుగా బతకాలి. వారి పేరిట ఉన్న నేల మీద కుర్చీలు సర్దాలి, వాన కారితే కప్పు చూసుకోవాలి, గంట తాడు మార్చాలి. అరుగుదల నిజమే, కొన్ని ఆదివారాలు అక్కడ ఎవరికీ బాంబు గుర్తుకు రాకపోవచ్చు కూడా. ఆ మరుపును నేను ద్రోహమనుకోను. చనిపోయినవాళ్ళు కూడా యుద్ధానికి ముందు మామూలు ఆదివారాలు గడిపినవాళ్ళే, బాంబు నాశనం చేసింది వాటినే.

2006లో జపాన్ ప్రభుత్వం ఈ దేవాలయాన్నీ, టాంగే శాంతి మ్యూజియాన్నీ కలిపి జాతీయ ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. యుద్ధం తర్వాత కట్టిన భవనాలకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. 1948 పోటీలో తీర్పరికీ పోటీదారుకూ చివరికి ఒకే రోజున ఒకే గుర్తింపు వచ్చింది. కానీ ఆ గుర్తింపు వెంట నిబంధనలు వస్తాయి: ఇటుక మార్చాలన్నా, తలుపు కదపాలన్నా అనుమతి కావాలి. పరిరక్షకులు సహజంగా 1954 నాటి రూపాన్ని అలాగే నిలపాలనుకుంటారు. విచారణ వారికి ముసలివాళ్ళు ఎక్కడానికి ర్యాంపు కావాలి, పిల్లల తరగతులకు గది కావాలి, భూకంపానికి తట్టుకునే బలం కావాలి. ఈ రెండిటికీ తగువు వచ్చినచోట నేను విచారణ పక్షమే ఉంటాను. మురానో చేయించిన ఇటుకలు విలువైనవే, వాటిని నిర్లక్ష్యంగా పగలగొట్టమని ఎవరూ అనరు. అయితే ఆ భవనాన్ని కాపాడే పేరుతో దానిలో పూజలు తగ్గించి, టిక్కెట్టు పెట్టి, తాడు కట్టి చూపించే రోజు వస్తే, కాపాడినది గోడ మాత్రమే అవుతుంది. మరమ్మతు పథకం రాసేవారు మొదటి పేజీలో ఆదివారం పూజ వేళలు రాసుకుని, మిగతా పనులు వాటి చుట్టూ అమర్చుకోవాలని నా కోరిక.